కొండల్లేని సీమలో కొండజాతి

మొన్న జనవరిలో విజయవాడ పుస్తకాల ప్రదర్శనకి వెళ్ళాను. మోకాళ్ళు వద్దంటున్నా ఏటా వెళ్తూనే ఉంటాను. దుమ్ము, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు, మిరపకాయ బజ్జీల నూనె వాసన, వీటన్నిటి మధ్య పుస్తకాలు. ఒక స్టాల్లో బల్ల మీద గోడలా పేర్చి కనిపించింది నాకు బాగా తెలిసిన పుస్తకం. యుద్ధకాలంలో జపాన్ బాంబులకి బెదిరి బర్మా నుంచి మన దేశపు జనం కొండలెక్కి, అడవులు దాటి, కాలినడకన తిరిగొచ్చిన వైనం. ఒక బెంగాలీ పత్రికా రచయిత ఇంగ్లీషులో రాస్తే మనవాళ్ళు తెలుగు చేశారు. ఇప్పుడు అట్ట మారింది, కాగితం నునుపు తేలింది, వెనకవైపు అనువాదకుడి ఫొటో వచ్చింది. నాకు కావలసిన పేజీ వెతుక్కోనక్కర్లేకపోయింది. వాక్యం అక్షరం మారకుండా అలాగే ఉంది. ఆ దారిలో అందరికంటే ఎక్కువగా చచ్చిపోయింది "కోరింఘీలు అనే ఒక కొండజాతి కూలీలు" అట.

స్టాల్లో ఉన్న కుర్రాడు ప్రచురణకర్త మనవడు. మంచి మర్యాదస్తుడు. "క్లాసిక్ అండీ అది. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ళు కూడా తీసుకెళ్తున్నారు మేడమ్" అన్నాడు. ఇందులో పెద్ద తప్పుందని చెప్పాను. ఆ పేజీ వంక చూడనైనా చూడలేదు. "అవునా అండీ? నెక్స్ట్ ఎడిషన్‌లో చూద్దాం మేడమ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్రాడి మీద కాదు. ఈ మాట వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ ఆస్తిలా చేతులు మారుతోంది, దాని మీద.

ఆ కోపం నాకు మా అత్తయ్య దగ్గర నుంచి వచ్చింది. అత్తయ్యంటే మా నాన్నకి అక్క. పామర్రు హైస్కూల్లో సోషల్ టీచరు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళని అక్బరు ఏ సంవత్సరంలో పోయాడో చెప్పమనేది. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ నేత చీరలో నిటారుగా నడిచేది. పాఠ్యపుస్తకమంటే ఆవిడకి చిన్నచూపు. "ఇందులో రాజులున్నారు, వాళ్ళ పెళ్ళిళ్ళున్నాయి, యుద్ధాలున్నాయి. మనుషులెక్కడున్నారే? మనుషులు అనువాదాల్లో ఉన్నారు" అనేది. నేను బెజవాడలో డిగ్రీ చదివే రోజుల నుంచీ ఆవిడకి పుస్తకాలు మోసే పని నాది. శనివారం కాలేజీ కాగానే ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో వెతికి, సంచీ నింపుకుని పామర్రు బస్సెక్కేదాన్ని. దేశం రెండు ముక్కలైనప్పుడు లాహోరు రైళ్ళలో ఏం జరిగిందో ఉర్దూ నుంచి వచ్చిన కథల్లో చదివాం. బెంగాల్లో గంజి కోసం వీధి వీధీ తిరిగిన తల్లుల్ని బెంగాలీ నవలల్లో చూశాం. సింహళం టీ తోటల్లో జలగలు పట్టిన కాళ్ళని తమిళం నుంచి తెచ్చుకున్నాం. ఆవిడ కాఫీ చల్లారిపోయేది, గమనించేది కాదు. ఒక్కో అధ్యాయం అయ్యాక కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ "దుర్మార్గులు" అనేది. ఎవరనేది నేను అడిగేదాన్ని కాదు. ఆ జాబితాలో తెల్లవాళ్ళ దగ్గర నుంచి మా తాతయ్య వరకూ ఉన్నారని నాకు తర్వాత తెలిసింది.

ఆవిడ రిటైరైన కొత్తల్లో ఈ బర్మా పుస్తకం వచ్చింది. అప్పటికి నేను బెజవాడలోనే ఉద్యోగంలో చేరాను. మా తాతయ్య రంగంలో, అంటే రంగూన్‌లో, ఒక బియ్యం మిల్లులో గుమాస్తా చేశారనీ, యుద్ధం రాగానే భార్యాబిడ్డలతో నడిచి వచ్చేశారనీ మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు. మా నాన్న పుట్టింది ఇక్కడికొచ్చాకే. అత్తయ్యకి అప్పుడు పదేళ్ళుంటాయేమో. అందుకే ఆవిడకి సరదాగా ఉంటుందని ఆ పుస్తకం ఆత్రంగా పట్టుకెళ్ళాను. వసారాలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది. నేను లోపల దోసకాయ పప్పు తిరగమోత పెడుతున్నాను. కాసేపటికి ఆవిడ గొంతు వినిపించింది.

"ఒసే, ఇలా రా. కోరింఘీలంటే ఎవరో తెలుసా నీకు?"

తెలియదన్నాను.

"మనమే. కాకినాడ పక్కన కోరంగి రేవు లేదూ, అక్కణ్ణుంచి ఓడలెక్కి వెళ్ళారు కదా, అందుకని తెలుగువాళ్ళని బర్మా వాళ్ళు కోరంగీలనేవాళ్ళు. తిట్టుమాట అది. నన్ను బళ్ళో అలాగే పిలిచేవాళ్ళు. ఈ మహానుభావుడు మమ్మల్ని కొండజాతిని చేశాడు చూడు."

ఆవిడ గొంతు పెద్దది కాలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. తెలియక చేసి ఉంటారులే అత్తయ్యా అన్నాను. "తెలియకపోతే చెబుదాం పద" అంది.

మర్నాడే బయల్దేరాం. ఏలూరు రోడ్డులో ప్రచురణకర్త మమ్మల్ని కూర్చోబెట్టి సోడా ఇప్పించి, అది అనువాదకుడు గారి వ్యవహారమన్నాడు. ఆయన ఇల్లు గుణదలలో. మేరీమాత కొండకి వెళ్ళే దారిలో, ముందు కనకాంబరాల మొక్కలున్న చిన్న డాబా. అనువాదకుడు గారు తెల్లటి లుంగీ, బనీనులో ఎదురొచ్చి, టీచరు గారని తెలిసి లోపలికి పరుగెత్తి చొక్కా తొడుక్కొచ్చారు. ఎంతో మెత్తటి మనిషి. ఆయన భార్య కాఫీ తెచ్చింది. అత్తయ్య పుస్తకం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టి, కోరంగి సంగతి చెప్పింది. తన విద్యార్థుల్లో తెలివైనవాడెవడో తారీఖు తప్పితే చెప్పినంత ఓపిగ్గా చెప్పింది.

ఆయన ఆశ్చర్యపోతారనుకున్నాం. కళ్ళజోడు సర్దుకున్నారంతే.

"తెలుసండీ" అన్నారు.

అత్తయ్యకి అర్థం కాలేదు. "ఏం తెలుసండీ?"

ఆయన లేచి బీరువాలోంచి ఇంగ్లీషు పుస్తకం తీశారు. దాయలేదు. ఆ పేజీ మాకు చూపించారు. అందులో స్పష్టంగా ఉంది: మద్రాసు రాష్ట్రపు కోస్తా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, రంగూన్ రేవులో బరువులు మోసినవాళ్ళు, వీధులూ మరుగుదొడ్లూ కడిగినవాళ్ళు, వాళ్ళని అక్కడ కోరంగీలంటారు అని. కొండజాతి అన్న మాట ఎక్కడా లేదు.

"చూడండమ్మా" అన్నారాయన, నచ్చజెప్పే గొంతుతో. "మన తెలుగువాళ్ళు పరాయి దేశంలో దొడ్లు కడిగారని మనమే అచ్చేసుకోవడం దేనికి? చదివేవాడి మనసు చిన్నబుచ్చుకుంటుంది. ఎవరికీ నష్టం లేని చిన్న మార్పండీ."

అత్తయ్య అప్పటివరకూ ముట్టుకోని కాఫీ గ్లాసుని బల్ల మీద ఇంకాస్త అవతలికి జరిపింది. తర్వాత ఆవిడ చెప్పింది నేను అంతకు ముందెన్నడూ వినలేదు. మా నాన్న కూడా విని ఉండరు.

"ప్రోం ఊరు దాటాక కొండలండీ. నీళ్ళు లేవు. మా నాన్న తెచ్చిన కూజా మొదట్లోనే పగిలిపోయింది. మా అమ్మ చంకలో పసిపిల్ల. నాకు జ్వరం, నడవలేక దారి పక్కన పడిపోయాను. ఒకావిడ వచ్చి, 'మీది కిష్టా జిల్లాయా బాబూ, మాట అట్టా ఉంది' అంది. తనది దివి అట. రంగంలో మరుగుదొడ్లు కడిగే పనిలో ఉండేది. తన డబ్బాలో నీళ్ళిచ్చింది. మా నాన్న డబ్బా పుచ్చుకోవడానికి ఆలోచించాడండీ. నా నాలిక పిడచకట్టుకుపోతుంటే ఆలోచించాడు. ఆఖరికి ఆవిడే నా నోట్లో పోసింది. అప్పుడు మా అమ్మ తాగింది, ఆయనా తాగాడు. ఆవిడ నన్ను చంకనేసుకుని ఆ కొండలన్నీ ఎక్కింది. మా ఊరి మాట మాట్లాడుతూనే ఎక్కింది. దిగువకొచ్చాక ఆవిడకి కలరా తగిలింది. మా నాన్న నన్ను దింపించుకుని, వెనక్కి చూడకండి అని చెప్పి మమ్మల్ని నడిపించుకొచ్చేశాడు. ఇంటికొచ్చాక ప్రాయశ్చిత్తం చేయించాడు అందరికీ. ఎవరి చేతి నీళ్ళు తాగామో నోరెత్తకూడదని నాకు ఒట్టు పెట్టాడు."

ఆయన భార్య గుమ్మంలో నిలబడిపోయింది.

"దివిసీమలో తాటిచెట్టుకన్నా ఎత్తైనది ఏమీ ఉండదండీ" అంది అత్తయ్య. "ఆవిడ ఆ కొండలు ఎక్కేదాకా కొండంటే ఎరగదు. మీరావిణ్ణి కొండజాతి అన్నారు. మా నాన్న ఆవిణ్ణి దారిలో వదిలేశాడు. ఆవిడ చచ్చిపోయాక కూడా మీరు వెలేశారు. మీ ఇద్దరికీ పరువే ముఖ్యం."

అనువాదకుడు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటన కాదు, నిజంగానే తిరిగాయి. "వచ్చే ముద్రణలో తప్పకుండా మారుస్తానమ్మా" అన్నారు. గేటు దాకా వచ్చి సాగనంపారు. బస్సులో అత్తయ్య, "మంచివాడే. అదే నాకు మండిపోయేది. చెడ్డవాడైతే పోట్లాడి గెలవొచ్చు" అంది.

వచ్చే ముద్రణ రెండేళ్ళకి వచ్చింది. వాక్యం మారలేదు. ప్రచురణకర్తని అడిగితే పాత ఫిల్ములతోనే వేసేశామన్నాడు. అనువాదకుడు గారు ఒంట్లో బాగుండటం లేదని కబురు పెట్టారు. అప్పుడు మా అత్తయ్య చేసిన పనికి మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆవిడ జీవితమంతా పిల్లల పేపర్లు దిద్దిన ఎర్ర సిరా పెన్ను హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, జిల్లాలో బస్సు వెళ్ళే ప్రతి గ్రంథాలయానికీ వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ పుస్తకం అడిగి తీసుకునేది, కిటికీ దగ్గర కూర్చునేది, ఆ మాట కొట్టేసి పైన "తెలుగువాళ్ళు. మనవాళ్ళు" అని గుండ్రటి అక్షరాలతో రాసేది. పుస్తకం తిరిగిచ్చి థాంక్స్ చెప్పి మళ్ళీ బస్సెక్కేది. ఒక ఊళ్ళో లైబ్రేరియన్ చూసేసింది.

"ఏంటండీ టీచరుగారూ, గవర్నమెంటు పుస్తకంలో రాతలేంటి?"

"రాత కాదమ్మా, దిద్దుబాటు. నా ఉద్యోగమే ఇది."

ఆ ఊళ్ళో ఆవిడ్ని మళ్ళీ గ్రంథాలయం మెట్లెక్కనివ్వలేదు. ఆవిడకి అదో బిరుదైంది. కానీ తిరిగి తిరిగి ఏడాదికి అలసిపోయింది. ఒక ముద్రణ దిద్దితే ఇంకో ముద్రణ వస్తుంది. దిద్దేది ఒక్క చెయ్యి, అచ్చేసేది యంత్రం. అప్పుడు వేరే మాట అంది. "వాడి పుస్తకం వాడిష్టం. నన్ను మోసినావిడ వాళ్ళని వెతుకుతాను నేను. మీ మనిషి ఇలా చేసిందని వాళ్ళకి చెబుతాను. వాళ్ళకైనా తెలియాలి కదే."

సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. పామర్రు నుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి రిక్షాలు, నడకలు. వరి కోతలైపోయి పొలాలన్నీ మోళ్ళతో ఉన్నాయి. ఉప్పుగాలి మొహానికి అంటుకుపోతోంది. ఊరూరా ఊరి చివరి పేటకి వెళ్ళి ముసలివాళ్ళని అడిగింది అత్తయ్య: రంగం వెళ్ళి తిరిగి రాని ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అని. మంచం వేసి కూర్చోబెట్టేవాళ్ళు. కొబ్బరి నీళ్ళు కొట్టిచ్చేవాళ్ళు. ఆవిడ గటగటా తాగేది, వాళ్ళ నాన్న చూస్తున్నట్టు, ఆయన ఎదుటే తాగుతున్నట్టు.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పేటలో పండు ముసలావిడ దొరికింది. చూపు లేదు, చెవులు బాగా వినిపిస్తాయి. అత్తయ్య కథంతా చెప్పింది. ముసలావిడ మొదటి నుంచి చివరిదాకా తల ఊపుతూ వింది.

"ఒకళ్ళా అమ్మా రంగం పోయింది? మా పేటలోనే శానామంది పోయారు. తెలిసినోళ్ళందరూ ఉప్పెనలో కొట్టుకుపోయారు. నేనొకదాన్నే మిగిలా. నువ్వు పేరు చెప్పు, నేను చెప్తా ఎవరి బిడ్డో."

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఏం పేరమ్మా?"

"తెలీదు" అంది అత్తయ్య.

"పేరు తెలీకుండా ఎట్టా తల్లీ? అన్ని దినాలు సంకనేసుకు మోసిందంటివే. అడగలా?"

ముసలావిడ ఎత్తిపొడవలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. అత్తయ్య మొహం పాలిపోయింది. ఆవిడ అంతలా చిన్నబోవడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. "మా నాన్న అడగలేదమ్మా. అడగాల్సిన మనిషనుకోలేదు" అంది. ముసలావిడ చేత్తో తడుముకుంటూ అత్తయ్య చెయ్యి పట్టుకుంది. "పోన్లే, పదేళ్ళదానివి. నువ్వేం చేస్తావు" అంది. ఆ ఓదార్పు అత్తయ్యకి తిట్టుకన్నా ఎక్కువగా తగిలిందనుకుంటాను. తిరుగు బస్సులో పామర్రు వచ్చి దిగేటప్పుడు, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు, "ఒక్క మాట. ఒక్క మాట అడగడానికి ఏమైంది ఆ మనిషికి" అంది.

అత్తయ్య పోయి చాలా ఏళ్ళయింది. నేను ఇప్పటికీ అనువాదాలే చదువుతాను. పుస్తకంలో "కొందరు కూలీలు" అనో "ఒక జాతివాళ్ళు" అనో కనిపించిన చోటల్లా ఆగిపోతాను. రాసినవాణ్ణీ, మార్చినవాణ్ణీ, అచ్చేసినవాణ్ణీ ముగ్గుర్నీ తిట్టుకుంటాను. వయసు మీద పడితే కోపం దిగుతుందన్నారు, నాకేమీ దిగలేదు. మనిషిని పేరడగడానికి గుక్క నీళ్ళు తాగినంతసేపు చాలు. ఆ కాస్తసేపూ జారవిడిచాక, మన ఏళ్ళన్నీ ధారపోసినా దానికి సరిపోవు.