బెల్టు ఒరుసుకున్న చోట

ఆ ఇంట్లో అడుగు పెట్టాలంటే ముందు ఇంటాయన, లిఫ్టులు బాగుచేసే మేస్త్రికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ముక్కు కారుతోందా? ఇంట్లో ఎవరికైనా జ్వరమా? అవునన్నారో, గుమ్మం బయటినుంచే దండం పెట్టి పంపించేసేవాడు. బంధువులంతా తలపొగరన్నారు. అంటే అన్నారు, వాళ్ళకేం పోయింది! పదేళ్ళ కూతురు లోపల మంచం మీద ఉంది. ఆ పిల్లని బతికించుకోవడం తప్ప ఆయనకి వేరే ధ్యాస లేదు.

రెండేళ్ళప్పుడు నడక తడబడింది. తర్వాత కళ్ళ తెల్లగుడ్ల మీద ఎర్రటి నరాలు తేలాయి. చివరికి ఒక డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఒంట్లో కణాల్లో డీఎన్ఏ రోజూ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుందట. దాన్ని అతికించే పని ఈ పిల్లలో సరిగ్గా జరగదు. ఆ లోపమున్న జన్యువుని తల్లీతండ్రీ చెరొకటి తెలియకుండానే ఇచ్చారు.

"రోగాలతో పోరాడే కణాలు తయారవ్వాలన్నా ఆ అతుకు పనే కావాలి. అందుకే మామూలు వైరసు కూడా మీ పాపకి మామూలుది కాదు."

"మరమ్మతు చేసేవాడు లేడంటారు. అంతేగా?" అన్నాడు మేస్త్రి. పాతికేళ్ళుగా మరమ్మతులే చేస్తున్న మనిషి, ఆ రోజు తన చేతులు చూసుకుని ఏడ్చాడు.

నడవలేని కూతుర్ని నడుం మీద ఎత్తుకుని ఇల్లంతా తిప్పేవాడు. మంచం మీంచి లేపగానే అది ముద్దముద్దగా, "మూడో అంతస్తు, నాన్నా," అనేది. "బరువు ఎక్కువైంది, ఒకరు దిగాలి," అనేవాడు. పకపకా నవ్వేది. తల్లి ఎత్తుకోబోతే ససేమిరా అనేది. ముద్ద కూడా తండ్రి చేత్తో పెడితేనే తినేది.

ఒకరోజు పనిలో ఉండగా ఆయన నడుం ఎడమ పక్క భగ్గున మండింది. చూసుకుంటే ఎర్రటి సన్న పొక్కులు, పట్టీలాగా. సేఫ్టీ బెల్టు ఒరుసుకుందనుకుని పౌడరు చల్లుకున్నాడు. మూడోరోజుకి పొక్కుల్లో నీరు చేరింది. బెల్టు ఒరుసుకుంటే రెండో పక్క కూడా ఒరుసుకోవాలిగా? ఆ అనుమానం ఆయనకీ వచ్చింది. వచ్చినదాన్ని అక్కడే నొక్కేశాడు. ఒంట్లో బాగాలేనివాళ్ళు పిల్లని ముట్టుకోకూడదన్న నియమం పెట్టింది తనే. తను తప్పుకుంటే పిల్ల తిండి మానేస్తుంది. అంత జాగ్రత్తపరుడు తన దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. చొక్కా సర్దుకుని, ఎప్పట్లాగే పిల్లని ఎడమ నడుం మీదికి ఎత్తుకున్నాడు.

ఆ వారంలోనే మరదలు వచ్చింది. ఆయన పనిలో ఉన్నాడు. అయిదు నిమిషాలు కూర్చుని, రెండు తుమ్ములు తుమ్మి వెళ్ళింది.

రెండు వారాలకి పిల్లకి జ్వరం, ఒళ్ళంతా నీటిపొక్కులు. ఆటలమ్మ. ఆసుపత్రిలో చేర్చేసరికి ఊపిరితిత్తులకి పాకింది. "మా చెల్లెలే తెచ్చిపెట్టింది," అని భార్య నెత్తీనోరూ కొట్టుకుంది. మేస్త్రి డాక్టరమ్మని పక్కకి పిలిచి చొక్కా ఎత్తి చూపించాడు. పొక్కులు ఎండి చెక్కు కట్టాయి.

"ఇది సర్పి అండీ. చిన్నప్పుడు మీకొచ్చిన ఆటలమ్మ వైరసే నరాల్లో దాక్కుని ఇప్పుడు బయటపడింది. అప్పుడే చూపించి ఉంటే పాపకి ముందుజాగ్రత్త సూది వేసేవాళ్ళం."

"వేస్తే ఇది వచ్చేది కాదా?"

"రాదన్న ఆశ ఉండేది," అందామె.

ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. మందులెక్కించారు, గొట్టాలు పెట్టారు. తొమ్మిదోరోజు పిల్ల పోయింది.

వారం తర్వాత మరదలు వచ్చి గుమ్మం బయటే నిలబడింది. అక్క మొహం తిప్పుకుంది. మరదలు చిక్కి సగమైపోయింది.

"బావా, నువ్వైనా చెప్పు. నా వల్లేనా? నిద్ర పట్టట్లేదు. నేనే చంపేశానా దాన్ని?"

మేస్త్రి లేచి, భార్య ముందుకి వెళ్ళి, చొక్కా ఎత్తాడు. నడుం చుట్టూ సగందాకా నల్లటి మచ్చలు.

"నా నుంచే," అన్నాడు. "డాక్టరమ్మ చెప్పింది."

భార్య ఆ మచ్చల్ని చూసింది.

"ఎన్నాళ్ళు ఎత్తుకున్నారు, ఇది పెట్టుకుని?"

"తగ్గేదాకా. రోజూ."

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"నాకొక్క మాట చెప్పాల్సింది. అది ఏడ్చినా, తిండి మానేసినా, ఆ నాలుగు రోజులూ నేను ఎత్తుకునేదాన్ని కదండీ."