నిటారుగా నిలబడే మనిషి

అమీర్‌పేటలో నా జిరాక్స్ కొట్టు పక్కనే ఉన్న బంగారం దుకాణానికి ఆయన కాపలా. పాత సిపాయి. సొంత తుపాకీ ఉన్నవాడికే ఆ కొలువు. లైసెన్సు పోతే కొలువూ పోయినట్టే. ఎవరేమడిగినా ముందు మడమలు చేర్చి నిటారుగా నిలబడేవాడు, ఆ తర్వాతే జవాబు.

లైసెన్సు రెన్యువల్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలన్నారు. కొట్టుకొచ్చే కాగితాలు చదివీ చదివీ నాకు ఇలాంటి పనులు తెలుసు కనుక పంజాగుట్టకు నన్నే తోడు తీసుకెళ్లాడు. తలెత్తకుండా సంతకం గీకే డాక్టర్లు ఈ ఊళ్లో వీధికొకరున్నారు. మాకు దొరికినావిడ మాత్రం పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"చనిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా?"

అన్నిటికీ లేదనే చెప్పమని దారంతా నూరిపోశాను. ఆయన లేచి మడమలు చేర్చాడు.

"అనిపిస్తది మేడమ్. మా ఇంటామె పోయినప్పటిసంది రోజూ అనిపిస్తది."

ఆవిడ సర్టిఫికెట్ ఇవ్వలేదు. మానసిక వైద్యుడికి చూపించుకోమని చీటీ రాసింది. లైసెన్సు ఆగింది. ఇన్నేళ్లు ఎండలో నిలబెట్టుకున్న దుకాణంవాళ్లు, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా ఇంకో తుపాకీవాణ్ణి తెచ్చుకున్నారు.

తుపాకీ అప్పగించి పోలీస్ స్టేషన్ మెట్లు దిగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేదయ్యా?"

"జర ఆగన్నా," అన్నాడు మెల్లగా. "నాకున్నది ఒక్కటే అర్ర, వంటా పడకా అండ్లనే. గన్ సుత నా మంచం కిందనే ఉంటుండె. ఇయ్యాల నిమ్మళంగ పండుకుంట."