బోడిగుండు మంగలికి వెంట్రుకల పిచ్చి

"కాలెత్తమ్మా అరబా. ఎడమ కాలి కింద వెంట్రుకుంది."

నెత్తిమీది ఉప్పుగంప దించకుండానే అరబా కాలెత్తి నిలబడింది. ఎబో తాత నేలమీద పాకుతూ వచ్చి, దాన్ని రెండు వేళ్ళతో పట్టి, ఇసుక ఊది, మూటలో దోపుకున్నాడు. అనొమాబు తీరంలో బంగారు రజను జారినా వెతుక్కోనివాడు ఉంటాడేమోగానీ, ఎబో తాత మంగలిపీట దగ్గర మాత్రం వెంట్రుక నేలమీద మిగలదు. ఆయన తలమీద ఒక్కటీ లేదు.

"ఎప్పుడు అతికించుకుంటావు తాతా?" అని చేపలమ్మేవాళ్ళు ఆటపట్టించేవారు.

"ముందు మీ మొగుళ్ళకి సరిపోనీ. మిగిలితే నేను చూసుకుంటాలే."

గాలి లేస్తే పని ఆపేసేవాడు. సగం గొరిగిన తలతో పడవవాడు బూతులు లంకించుకున్నా సరే, గాలి పడిపోయేదాకా కత్తి ముట్టేవాడు కాదు. ఒకసారి మేకొకటి మూట నమిలితే సంతంతా దాని వెనక పరిగెత్తి, నోట్లో చెయ్యి పెట్టి లాక్కొచ్చాడు. మేక కరిచింది. "దాని తిండి లాగితే కరవదా మరి," అంటూ ముందు మూట కడిగి, తర్వాత చెయ్యి కడుక్కున్నాడు.

ఓడ వచ్చిందంటే ఆ నవ్వులు ఆగిపోయేవి. బానిసలుగా అమ్మడానికి లోపలి ఊళ్ళనుంచి గొలుసులతో తోలుకొచ్చినవాళ్ళకి ఓడెక్కించేముందు తలలు గొరగాలని ఒడ్డునున్న తెల్లవాళ్ళ కోటనుంచి తాతని పిలిపించేవారు. ఆ కూలి తింటాడని అరబాకి ఆయనంటే కిట్టేది కాదు. తమ్ముడు క్వేకుని అడవిదారిలో పట్టుకుపోయాక పలకరించడమే మానేసింది.

ఇవాళ రాక తప్పలేదు. ఇంటి దగ్గర తల్లి కొడుకు ముద్ద తీసిపెట్టి తను పస్తుంటోంది. దూరాన పోయినవాడి జుట్టో గోరో ఊరు చేరితేగాని దినం చెయ్యరు. దినం కాందే ఆ తల్లి ఏడవడానికీ లేదు.

"తాతా, మా తమ్ముడు నీ కత్తి కిందికొచ్చాడా?"

"ఏ ఊరు, ఎవరి కొడుకు?"

చెప్పింది. ఆయన చూరులోకి చెయ్యి పెట్టాడు. అక్కడ తేనెపట్టులా మూటలే మూటలు.

"గొరిగేముందు ఊరూ పేరూ అందర్నీ అడుగుతాను. కొందరు చెబుతారు, కొందరు మొహాన ఉమ్ముతారు. మీవాడు తిట్టాడు. 'మా అక్క అల్లిన జడలు, చూసి కొయ్యి ముసలాడా' అన్నాడు. అందుకే విప్పకుండా కోశాను."

ఆయన తీసిచ్చిన మూట అరటినార విప్పి చూస్తే, అన్నీ అరబా అల్లిన జడలే.

"అసలెందుకు గొరిగావు?" అంది అరబా.

"నేను కాదంటే ఇంకొకడు గొరుగుతాడు. వాడు చీపురుతో సముద్రంలోకి తోసేస్తాడు." కాసేపు కత్తి నూరుకున్నాడు. "ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదమ్మా. వెతుకుతూనే ఉన్నాను."

"వాడు బతికుంటే?"

"సగం పాతండి. సగం చూరులో దాచండి. తిరిగొస్తే వచ్చి నన్ను మళ్ళీ తిడతాడు. తిట్టించుకుంటాను."

"వాడు మొదలెడితే ఆపడు తాతా."

"ఆపొద్దనే చెప్పు."

ఆమె గంప ఎత్తబోతుంటే ఉప్పు పక్కన ఇంకో రెండు మూటలు దోపాడు.

"ఇవీ నీ దారిలోవే. ఎర్రనారది కుమ్మరుల ఊరు. ఆ తల్లికి చెవుడు, చేతిలో పెట్టు, తెలుసుకుంటుంది. రెండోది ఏరు దాటాక మొదటి గడప. ఏమైనా ఇవ్వబోతే పుచ్చుకోకు. వచ్చేటప్పుడు మాత్రం తలకి రాసుకోను షియా గింజల వెన్న కాస్త పట్రా తల్లీ. ఎండకి నా గుండు మాడిపోతోంది."