ఆఖరి స్టాపు దాటాక

రిటైరైన డ్రైవరు ప్రతి ఆదివారం తను ముప్పై ఏళ్ళు నడిపిన రూటు బస్సే ఎక్కుతాడు. "ఇంకా డ్యూటీ దిగలేదా?" అని భార్య నవ్వుతుంది. మలుపు వచ్చినప్పుడల్లా సీట్లోనే అతని కుడికాలు బ్రేకు తొక్కుతుంది. ఆఖరి స్టాపు తీరంలోని జాతీయ పార్కు గేటు. అక్కడ బస్సు ఆగేది పది నిమిషాలు. సముద్రానికి నడక ఇరవై. అందుకే ఇన్నేళ్ళూ హోరు విన్నాడే గానీ నీళ్ళు చూడలేదు. రిటైరయ్యాక వచ్చిన మొదటి ఆదివారం చెప్పులు చేత్తో పట్టుకుని, పొగమంచులో ఇసక బాట వెంట కలలోలా నడిచి, ఒడ్డున కూలబడ్డాడు. వెనక గేటు దగ్గర్నుంచి, బయల్దేరుతున్న తర్వాతి బస్సు హారన్ సన్నగా తేలి వచ్చింది. ఉలిక్కిపడి లేచి నాలుగడుగులు పరిగెత్తాడు. ఆగాడు. రొప్పుతూ వచ్చే ప్రయాణికులకు రోజూ చెప్పిన మాటే తనకూ చెప్పుకున్నాడు: "ఎందుకా కంగారు? వెనకాల ఇంకో బస్సుందిగా!"