చింతపండు నీళ్లలో పగడాలు

కరోనాకు ముందు ఏడాది, ఎండాకాలం. కరీంనగర్‌లోని మా నగల దుకాణానికి బెల్లంపల్లి నుంచి రాజమల్లు కాక, ఆయన భార్య లచ్చవ్వ వచ్చారు. కాక బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. లచ్చవ్వ మెడలో పసుపుతాడు కట్టుకొని, పగడాలు గుచ్చిన పుస్తెలతాడు తీసి కౌంటర్ మీద పెట్టింది.

“మీ బాపు నమ్మకస్తుడనుకున్న. ప్లాస్టిక్ పగడాలు అంటగట్టిండు. సూడు, ఎట్ల తెల్లవడ్డయో,” అన్నాడు కాక.

పగడాలు నిజంగానే వెలిసి, గరుకుగా ఉన్నాయి. పక్కన ఇద్దరు గిరాకీలు వింటున్నారు. బాపు పోయి రెండేళ్లు. ఆయన పేరు మీదే దుకాణం నడుస్తోంది. నాకు కోపమొచ్చింది, అంతకుమించి భయమేసింది.

మా పనిలో దీనికి యాసిడ్ టెస్ట్ ఉంది. నిమ్మరసం చుక్క వేస్తే అసలు పగడం మీద సన్నటి బుడగలొస్తాయి. ప్లాస్టిక్ ఉలకదు పలకదు. చుక్క వేసి కాకకు భూతద్దం ఇచ్చాను. బుడగలొచ్చాయి. నా ప్రాణం లేచొచ్చింది.

“గీ బుడగలేంది?”

“కార్బన్ డయాక్సైడ్ కాకా. పులుపు తగిలితే పగడం కరుగుతది. ఇంట్ల దేంట్లనన్న నానవెట్టిన్రా?”

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మనుమరాలి పుట్టెంట్రుకలకు మెరవాలని చింతపండు నీళ్లల్ల పొద్దంత ఏసిన. బిందెలు మెరుస్తయి గద.”

కాక గిరాకీల వైపు తిరిగి, “వీళ్ల బాపు అసలు సరుకే ఇచ్చిండు, నేనే తప్పన్న,” అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

లచ్చవ్వ మాత్రం వదల్లేదు. “మా బిడ్డ ఖానాపూర్ల సైన్స్ టీచరు. బొగ్గు పొగల గీ గ్యాసే సముద్రంల కలిసి, పగడాలకు గూడు కట్టరాకుంట చేస్తదని చెప్తది. బొగ్గునంటే గీయన బిడ్డతోని ఒకటే లొల్లి.”

“సముద్రమేమన్న చింతపండు పులుసా?” అన్నాడు కాక.

“అంత పులుపు గావాల్నా? జరంత మారినా పగడాలకు కష్టమేనట. వేడెక్కితే తెల్లవడ్తయట గూడ,” అంది ఆమె.

కాక మళ్లీ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కూతురికి ఫోన్ చేశాడు. “బిడ్డా, పగడం కరుగుడు నా కండ్లతోని సూసిన. నువ్వే గెలిచినవ్. గని నువ్వు సదివింది గా బొగ్గుతోనే, మర్వకు.”

పాలిష్ పెడతానంటే లచ్చవ్వ ఒక్క పగడాన్ని అట్లాగే ఉంచమంది. మళ్లీ వాదనొస్తే చూపించడానికట.

పరీక్ష పేరుతో నేనూ ఇన్నేళ్లు ఎందరి పగడాలనో చుక్క చుక్క తినేశానని ఆ రోజే తోచింది. ఇప్పుడు నిమ్మకాయ జోలికి పోను. పగడం వెలిసిందని ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి, దేంతో కడిగారో అడుగుతాను.