దారి తప్పిన గార్లండ్

ఇంగ్లండులోని మా డెవన్ పల్లెల్లో నక్కవేట కుక్కల కూనల్ని ఏడాదిపాటు ఇంటింటికీ పంచుతారు. మనుషుల మధ్య మెలగడం నేర్చి, ఎదిగాక అవి తిరిగి కుక్కలశాలకు పోవాలి. హెస్టర్ యో అనే ముసలావిడది ముప్ఫై ఏళ్ళుగా కూనల్ని సాకిన చెయ్యి. మొగుడు పోయాక ఆ ఇంట్లో అలికిడంటే వాటిదే.

కిందటేడు వచ్చిన ఆడకూన గార్లండ్. ఆ చలికాలం హెస్టర్ కాలు విరిగి మంచాన పడింది. పొయ్యి మీదకు ఏమీ లేని రోజుల్లో గార్లండ్ కుందేళ్ళను పట్టుకొచ్చి మంచం పక్కన పడేసేది. "నా తల్లే!" అని తల నిమిరి, ఉడికిన ఎముకలు దానికే పెట్టేది హెస్టర్.

ఏడాది నిండాక గార్లండ్ కుక్కలశాలకు తిరిగి పోయింది. ఈ నవంబరులో కబురొచ్చింది, వేటలో గార్లండ్ 'రయట్' చేసిందని. ఊళ్ళో కొట్లాట అనుకునేరు! పాత ఫ్రెంచిలో కలహం అని అర్థమున్న ఆ మాటను మా వేటగాళ్ళు కుక్కలకు అంటగట్టారు. నక్క వాసన వదిలి కుందేలు వెంటో జింక వెంటో పడితే అదే రయట్. కుక్కలశాలలో అంతకు మించిన నేరం లేదు. ఒకటి దారి తప్పితే మందంతా తప్పుతుంది మరి.

హెస్టర్ శాలువా కప్పుకుని మూడు మైళ్ళు నడిచి కుక్కలశాలకు వెళ్ళింది. వేటలో కుక్కల్ని నడిపే పెర్సీ వాటికి జావ కలుపుతున్నాడు.

"ఒరే పెర్సీ, దాన్నేం చేస్తావురా?"

"ముందు కూర్చో అత్తా, ఆయాసపడుతున్నావు. మొదటి తప్పేగా. ముసలి కుక్కకు జోడుగా మెడలు కలిపి కట్టి తిప్పుతా. ఈ సీజనంతా చూస్తా."

అక్కడితో లేచి రావలసింది. కడుపులో మాట దాచుకునే మనిషా!

"దాన్ని కొట్టకురా. తప్పు నాది. చలికాలమంతా నాకు కుందేలు కూర తినిపించింది అదే. నీకంటే గొప్ప వేటగత్తె!"

పెర్సీ నవ్వలేదు. గరిట ఆగిపోయింది. "చలికాలమంతానా? ఎందుకు చెప్పావత్తా? కొత్త తప్పయితే మాన్పించగలను. కూనప్పుడు మెచ్చుకుని నేర్పింది చచ్చినా మానదు."

"అయితే నాకిచ్చెయ్. కట్టేసుకుంటా."

"తాడు తెంచుకుని ఎవరి గొర్రెల మీదన్నా పడితే? కుక్కలు దొరగారివి, ఆయన ఒప్పుకోరు. ఇలాంటివాటిని ఏం చేస్తామో నీకు తెలియదా?"

తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఆమె గొంతు విని కటకటాల వెనక గార్లండ్ ముందుకాళ్ళెత్తి మూలుగుతోంది.

"ఒక్కసారి ముట్టుకోనా?"

"వద్దత్తా. నీతో తీసుకుపోతావనుకుంటుంది."

హెస్టర్ గడపలో ఆగింది. "వసంతంలో కొత్త కూనను ఎప్పుడు పంపుతావు?"

"మీ ఇంటికి రాదత్తా."

"ఇక ఎప్పుడూనా?"

పెర్సీ తుపాకి తేవడానికి లోపలికి వెళ్ళాడు. హెస్టర్ గేటు వేసి వచ్చిన దారి పట్టింది. వెనక గార్లండ్ ఇంకా పిలుస్తూనే ఉంది.