చూసి చెప్తానన్న పిల్ల

మొన్న ఆదివారం మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఎవరో ఒక పరీక్ష పంపించారు. వరసగా ప్రశ్నలకి జవాబులు నొక్కుకుంటూ పోతే మన స్వభావం ఏ రకమో నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో తేల్చేస్తుందట. తలలు నెరుస్తున్నవాళ్ళంతా చిన్నపిల్లల్లా నాది ఇది, నీది అది అని మురిసిపోతూ, మాస్టారూ మీదేం రకమండీ అని నన్నూ వదల్లేదు. చిరాకు పడబోయి నాలిక్కరుచుకున్నాను. ఎందుకంటే ఈ పిచ్చిని నాగాయలంక దాకా మోసుకెళ్ళినవాణ్ణి నేనే.

తొంభైల మొదట్లో నేను బందరులో బి.ఎడ్. చదివాను. మనస్తత్వశాస్త్రం చెప్పే లెక్చరరుగారు పెద్దాయన, పంచె కట్టుకుని వచ్చేవారు, సుద్దముక్క పట్టుకోకుండానే గంటంతా నడిపేవారు. మనసుకి నాలుగు పనులుంటాయి అనేవారు. కంటికీ చెవికీ అందినదాన్ని ఉన్నదున్నట్టు పట్టుకోవడం, దాని వెనకాల ఏముందో పసిగట్టడం, తర్కంతో తేల్చుకోవడం, మంచిచెడ్డలు మనసుతో తూచుకోవడం. నాలుగూ అందరికీ ఉంటాయి గానీ, ఉమ్మడి కుటుంబంలో లాగా ఒకటి తాళాలు బొడ్లో దోపుకుని పెత్తనం చేస్తుంది, ఇంకొకటి దానికి చేదోడుగా ఉంటుంది, ఆఖరిది పెరట్లో పడి ఉండి, మనిషి డస్సిపోయిన రోజున బయటికొచ్చి రభస చేస్తుంది. పైగా ఒక్కోటీ కొందరిలో వీధివైపు తిరిగి ఉంటుంది, కొందరిలో ఇంట్లోకి తిరిగి ఉంటుంది. లోపలికి తిరిగిన మనుషుల్లో మనకి గుమ్మంలో కనిపించేది ఆ చేదోడు మాత్రమే, అసలు పెత్తందారుని చూడాలంటే ఇంట్లోకి వెళ్ళాలయ్యా అని నవ్వేవారు. ఈ మాట నోట్సులో రాసుకుని ఎర్రసిరాతో కింద గీత కూడా గీశాను. గీత గీసినంత మాత్రాన బుర్రకెక్కుతుందా!

నాగాయలంకలో సైన్సు మాస్టారుగా చేరాక చూడాలి నా వైభోగం. ఒక పొడుగు నోటుబుక్కు కొని, పిల్లల పేర్లు రాసి, ఒక్కొక్కరి ఎదురుగా వాళ్ళ రకం రాసేవాణ్ణి. శనివారం సాయంత్రం బస్సు పట్టుకుని గుడివాడలో ఇంటికి చేరితే అక్కడా అదే పని. మా ఆవిడ ఒకరోజు వడ్డిస్తూ, మనిషిని చూడగానే రకం చెప్పేస్తారు, కూరలో ఉప్పు లేదని మాత్రం మూడు ముద్దలయ్యాక గానీ చెప్పరేంటండీ అంది. ఎంత బాగా చెప్పింది! నేను మాత్రం ఆవిడ పేరు ఎదురుగా ఒక గుర్తు పెట్టుకుని ఊరుకున్నాను.

పదో తరగతిలో సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇంటి పిల్ల ఒకతి ఉండేది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. ఉప్పునీళ్ళలో గుడ్డు వేస్తే ఏమవుతుందర్రా అని నేనడిగితే మిగతావాళ్ళు తేలుద్దని కొందరూ మునుగుద్దని కొందరూ గుక్కతిప్పుకోకుండా అరిచేవాళ్ళు. ఆ పిల్లని లేపితే మాత్రం, ఏ ప్రశ్నకైనా సరే, ఒకటే మాట: చూసి చెప్తానండి. క్లాసంతా గొల్లుమనేది. నేనూ నవ్వేవాణ్ణి. నా పుస్తకంలో ఆ పేరు ఎదురుగా, ఊహ తక్కువ, తేల్చుకోలేదు, పైచదువుకి నిలవదు అని రాశాను.

పరీక్షలు పాసయ్యాక వాళ్ళమ్మ చేపల తట్ట వరండాలో దించి నా దగ్గరికొచ్చింది. పిల్లని అవనిగడ్డ కాలేజీకి పంపమంటారా, కుట్టుమిషను కొనిపెట్టమంటారా, మాకేం తెలుసండి, మీరెలా చెప్తే అలాగే అంది. పిల్ల స్తంభం పక్కన నిలబడి నా మొహంలోకి చూస్తోంది. నేను పుస్తకం తెరిచి, నా రాత నేనే చదువుకుని, కుట్టుపని నేర్పించమ్మా అన్నాను. అరనిమిషం కూడా పట్టలేదు. ఆ తల్లి నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది.

ఆ ఆగస్టులో బావమరిది వస్తున్నాడని చేపల కోసం రేవుకి వెళ్ళాను. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్ళు వలలు పక్కన పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆ పిల్ల గట్టు చివర నిలబడి మబ్బునీ, నీటి రంగునీ, ఎగిరే కొంగల్నీ చాలాసేపు చూసింది. వచ్చి తండ్రితో, ఇవాళ వద్దు నాన్నా అంది. ఒక్కరూ మారుమాటాడకుండా వలలు చుట్టేశారు. ఇదేంటని అడిగితే ఒక ముసలాయన నా వైపు ఎగాదిగా చూసి, ‘మా ఇళ్ళల్లో సముద్రం సంగతి ఎవురూ ఊహించి చెప్పరండి, చూసే చెప్తారు. నోరు జారితే ప్రాణాలు పోతాయి గదండీ. ఆ పిల్ల చెప్పిందంటే చెప్పిందేనండి’ అన్నాడు. మధ్యాహ్నానికి ఊరు ఊగిపోయేంత గాలీ వానా.

నాకు అప్పుడు ఎర్రసిరా గీత గీసుకున్న మాట గుర్తొచ్చింది, గుమ్మంలో కనిపించినదాన్ని చూసే ఆ పిల్లని తేల్చేశాను. వాళ్ళిల్లు మా బడి వెనకే. వెళ్ళి, తప్పు చెప్పానమ్మా, వచ్చే ఏడాదైనా కాలేజీలో చేర్పించండి అందామని రెండుసార్లు వీధి మొదటిదాకా వెళ్ళాను. అక్కడికే వాళ్ళింట్లోంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. మాస్టారు మాట మార్చాడంటే ఊళ్ళో పరువేం కాను? వెనక్కి తిరిగాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆ పరువు కోసమే. మరుసటేడు బదిలీ అయి వెళ్ళిపోయాను.

మొన్నటి గ్రూపులో ఆ చూసి చెప్తానన్న పిల్ల కూడా ఉంది. అందరూ అక్షరాలు పెడుతుంటే ఆమె రాసింది: ‘నాకు పరీక్ష అక్కర్లేదు. మాస్టారు అప్పుడే చెప్పారుగా, నాది కుట్టుమిషను రకం.’ పక్కన నవ్వుతున్న బొమ్మ. నలుగురూ నవ్వారు.

ఇప్పుడు మనిషి రకం తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు, ఎవరూ ఎవరి గడపా తొక్కక్కర్లేదు. ఆ రోజుల్లో తొక్కడానికి గడపలన్నీ తెరిచే ఉండేవి, తీరికా ఉండేది, అయినా నేను వెళ్ళలేదు. ఆ రాత్రే ఆమెకి విడిగా రాశాను, ఆనాడు చూడకుండా చెప్పానమ్మా, నీకు చదువు అబ్బేది, తప్పు నాదే అని. కాసేపటికి జవాబొచ్చింది.

‘ఇప్పుడు మాత్రం చూసే చెప్తున్నారా మాస్టారూ?’

ముప్పై ఏళ్ళ పైచిలుకు తర్వాత నాకు చేతనైన జవాబు ఒక్కటే కనిపించింది. లేదమ్మా, వచ్చి, చూసి చెప్తాను అని రాశాను.